కొండకు కమిటీ వేసిన ఏడు

కాగితాల్లో నా ఉద్యోగం పేరు డ్రైవరు. నిజానికి నేను ఆఫీసుకు గొంతును. మాకొక పాత వ్యాను ఉండేది, దాని నెత్తిన రెండు మైకు బాకాలు, లోపల నేను. చెట్లు నాటండి అని అరిచేదీ నేనే, నరకొద్దండి అని అరిచేదీ నేనే. సాయంత్రమయ్యేసరికి నా మాటంటే నాకే విసుగు పుట్టేది. రిటైరై ఇన్నేళ్ళయినా ఇంట్లో కొంచెం గట్టిగా మాట్లాడితే చాలు, "మైకు కట్టెయ్" అంటుంది మా ఇంటావిడ.

చదువు నన్ను ఏడో తరగతిలో వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని మా నాయన చచ్చేదాకా వాదించాడు. ఆ తగవు ఇంకా తేలలేదు. ఈ ఉద్యోగానికి ముందు తిరుమల ఘాట్ రోడ్డు మీద టాక్సీ తోలేవాణ్ణి. వంకర్లలో కడుపు తిప్పి వాంతులు చేసుకునే యాత్రికులను ఊరడించడానికి అరవం, కన్నడం, హిందీ నేర్చుకున్నాను. వాంతి మధ్యలో మనిషిని నవ్వించగలిగితే ఆ భాష వచ్చినట్టే లెక్క. ఈ నోరు చూసే మా ఆఫీసువాళ్ళు నన్ను తీసుకున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా వీధిలో ఒకమ్మాయి అడవులను కాపాడే ఉద్యోగంలో కొత్తగా చేరింది. పాలకేంద్రం దగ్గర కనిపించి, "తాతా, మేము ఏదీ పైనుంచి రుద్దం. జనాన్ని భాగస్వాములను చేస్తాం" అంది. ఆ పిల్ల మొహంలో ఎంత వెలుగో. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఆ మాటను ఊరూరా తిప్పి అరిచినవాణ్ణి నేను. దాని కడుపులో ఏముంటుందో చూసినవాణ్ణి. కాబట్టి అమ్మాయ్, నువ్వూ నీ తోటివాళ్ళూ కాస్త ఓపిక పట్టి ఇది చదవండి. తరువాత మీ ఇష్టం.

ఎనభైల మొదట్లో మాట. ఏర్పేడు దాటి కొండల వైపు మళ్ళితే ఒక ఊరు. ఊరి వెనకే కొండ. ఆ కొండ ఏటవాలంతా పొరక గడ్డి. చీపురును మావైపు పొరక అంటాం. ఊళ్ళో భూమి లేని ఇళ్ళ ఆడవాళ్ళు మాఘమాసం చలిలో కొండెక్కి ఆ గడ్డి కోసుకొచ్చి, ఎండబెట్టి, కట్టలు కట్టి కాళహస్తిలోనూ తిరుపతిలోనూ అమ్ముకునేవాళ్ళు. గింజ రాలకముందు కొడవలి పెట్టరు. కోత అయ్యేదాకా మేకలను కొండకు అవతలి వైపు మలుపుకుంటారు. ఎవరూ రాసిపెట్టిన కట్టడి కాదు. కట్టడి తప్పినదాన్ని తోటి ఆడవాళ్ళు పలకరించరు, అంతే శిక్ష. ఆ గడ్డిలో కౌజుపిట్టలు, కుందేళ్ళు, బండల సందుల్లో నన్నారి తీగలు, కలివి పొదలు. ఇప్పుడు దీన్నంతా జీవవైవిధ్యం అంటున్నారు. అప్పట్లో దాన్ని కొండ అనేవాళ్ళు.

ఈ కొండను కాపాడాలని మా ఆఫీసులో చిన్నసారుకు అనిపించింది. చిన్నసారంటే మా పెద్దాఫీసరు కింది అధికారి, కోస్తావైపు మనిషి, కొత్తగా చదువు ముగించి వచ్చాడు. చుట్టూ కంచె వేయాలి, మేకలూ కొడవళ్ళూ లోపలికి పోకూడదు, బోడి జాగాల్లో మొక్కలు నాటాలి. అయితే ఇదంతా సర్కారు చేయకూడదు, ఊరే చేయాలి, ఊరి కమిటీ చేయాలి. అదీ ఆయన పట్టుదల. లంచం ముట్టడు. జీపున్నా నా వ్యానులో నా పక్కన కూర్చుని వచ్చేవాడు, నా బీడీ పొగ భరించేవాడు. మంచివాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది అదే. చెడ్డవాడయితే తిట్టుకుని ఊరుకుందును.

మొదటి మీటింగు బడి వసారాలో. "రండి, మీ కొండ గురించి మీరే తేల్చుకోండి" అని వీధివీధీ తిరిగి నా గొంతు చించుకున్నాను. జనం వచ్చారు. ఊళ్ళో సగం భూమి ఉన్న పెద్దాయన వచ్చి మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. చెరుకుతోట ఆయనదే, బెల్లం వండే గానుగ ఆయనదే. చిన్నసారు తనకు వేసిన కుర్చీ వద్దని, జనంతో సమానంగా ఉండాలని, కింద చాప మీద కూర్చున్నాడు. అక్కడే మొదలైంది తమాషా. ఆఫీసరే నేల మీద కూర్చుంటే ఆయనతో సమానంగా ఎట్లా కూర్చునేదని చాప మీదున్నవాళ్ళు లేచి మట్టిలోకి పోయారు. మట్టిలో ఉన్నవాళ్ళు వసారా దిగి ఎండలోకి పోయారు. పొరక కోసే ఆడవాళ్ళు, మేకలవాళ్ళు అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డారు. కుర్చీలో పెద్దాయన ఒక్కడే కదలలేదు.

చిన్నసారు కొండ గొప్పతనం గురించి చాలా చెప్పాడు. పిట్టల గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నిజంగా తడిశాయి. పెద్దాయన తల ఊపుతూ విని, "పిట్టా పురుగూ బతకల్ల సార్. మనిషొక్కడే బతికితే సాల్దు గదా" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. గానుగ దగ్గర చెరుకుపిప్పి నాకే కుక్కను కూడా రాయి పెట్టి కొట్టించే మనిషికి పురుగు మీద ఇంత దయ ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను.

చివర్లో చిన్నసారు అడిగాడు, కంచె వేయడం ఇష్టం లేనివాళ్ళు చేతులెత్తండి, భయపడొద్దు అని. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎట్లా లేస్తుంది? పెద్దాయన ఎదుట నిలబడితే తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని రెండు చేతులూ రొమ్ముకు కట్టుకోవాలి, అదీ ఆ ఊరి మర్యాద. పుట్టినప్పటి నుంచి వాళ్ళ చేతులు ఆయన ముందు విప్పుకున్నది లేదు. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తండి అన్నప్పుడు మాత్రం పెద్దాయన జీతగాళ్ళ చేతులు ఠపీమని లేచాయి. ఏకగ్రీవం అన్నారు. కమిటీకి పెద్దగా పెద్దాయనే. అది కూడా ఏకగ్రీవమే.

తిరుగుదారిలో ఉండబట్టలేక నేనన్నాను, "సార్, సేతులు కట్టుకోని ఉండేవోళ్ళను ఎత్తమంటే ఎట్లెత్తుతారు?"

"ఇష్టం లేకపోతే విప్పుకుని ఎత్తొచ్చు కదా. ఎవరైనా తాళ్ళతో కట్టారా?" అన్నాడాయన.

"తాడయితే నేనే కోసుందును సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడు. జోకులు వేసేవాడికి ఉండే శాపం ఇదే, నిజం చెప్పినా చప్పట్లే పడతాయి.

కంచె పనులకు మంజూరు వచ్చింది. గేటు తయారైంది. దాని తాళంచెవిని కమిటీకి అప్పగించడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దసారు వస్తాడని కబురు. జనం నిండుగా కనిపించాలి. ఊళ్ళో అందరూ ఏ రోజు ఉంటారని చిన్నసారు కమిటీని అడిగితే, గంగజాతర రోజు అన్నారు. ఆ రోజు చుట్టాలు కూడా వస్తారు, షామియానా ఎట్లాగూ వేస్తారు. సరేనన్నాడు. ఆ రోజు ఊళ్ళో ఇంకేం జరుగుతుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, కాబట్టి బాగా గుర్తు.

గంగజాతరలో మావైపు ఒక వేషం ఉంది. ఒంటికంతా బొగ్గు మసి పూసుకుని, దాని మీద సున్నం చుక్కలు పెట్టుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని ఒక మనిషి ఇల్లిల్లూ తిరుగుతాడు. తిరిగి, నోటికొచ్చినట్టు తిడతాడు. పేద లేదు, గొప్ప లేదు. తిట్టు తిన్నవాడికి ఆ ఏడు రోగం రొష్టూ రాదని నమ్మకం. తిట్టించుకున్నవాడు నవ్వుతూ చేటలో బియ్యం పెట్టి కాళ్ళకు పసుపు నీళ్ళు పోయాలి. తిట్టేది మనిషి కాదు, అమ్మ. అందుకని జాతరలో అన్న మాటను జాతర అయ్యాక ఎవరూ అడగకూడదు. అడిగినవాడి ఇంటికి అమ్మ మళ్ళీ రాదంటారు. ఆ ఊళ్ళో ఈ వేషం ఒక మేకలాయన ఇంటి హక్కు. ఆయన పెళ్ళాం పొరకలు కోసేవాళ్ళకు పెద్ద దిక్కు. మిగతా రోజుల్లో ఆయన నోట్లో నాలుక ఉందో లేదో చూడాలంటే నోరు తెరిపించి వెతకాలి. అంత సాధువు. ఆ ఒక్కరోజు మాత్రం పెద్దాయన ముక్కును, పిసినారితనాన్ని, రెండో పెళ్ళిని ఏకి పారేసేవాడు. పెద్దాయన ఏటా నిలబడి వినేవాడు. ఈ ఏడూ ముక్కు గురించే ఉంటుందని ఆయన ధీమా.

ఢిల్లీ పెద్దసారు వచ్చాడు. దండలు పడ్డాయి. షామియానా కింద ఆయనకో పక్క పెద్దాయన, ఇంకోపక్క చిన్నసారు. వెనక మైకు పట్టుకుని నేను. డప్పులు మోగాయి, మసి పూసుకున్న మనిషి వేపమండ ఊపుకుంటూ వచ్చాడు. చిన్నచిన్నవాళ్ళను నాలుగు దులిపి నేరుగా పెద్దాయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు. నడుం మీద పెట్టుకున్నాడు.

"ఒరే గానుగ కడుపోడా. పిట్టల మింద ప్రేమంట్రా నీకు? నీ తోటలో వాలిన పిట్టను వడిసెలతో కొట్టించేవోడివి, కొండమింద పిట్టకు కాపలా పెడతావంట్రా?"

జనం గొల్లుమన్నారు. పెద్దాయన కూడా ఆనవాయితీ ప్రకారం నవ్వాడు.

"కొండెందుకు మూయిస్తాండావో నేను సెప్తా ఇనుకో. మా ఆడోళ్ళు పొరక కోసేది మాగమాసం. నీ సెరుకు కోతకొచ్చేదీ మాగమాసమే. నువ్విచ్చే ముష్టికి పోయినేడు ఒక్కతీ రాలే. నీ సెరుకు నిలువునా ఎండిపాయ. ఇప్పుడు కొండకు బీగమేస్తే యాడికి పోతార్రా వీళ్ళు? నీ తోటకే వస్తారు. నువ్వు ఎంతిస్తే అంతకు వస్తారు. దానికి పిట్ట పేరు పెడతాండావు, థూ."

అప్పటిదాకా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. నాకే కాదు, మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. జనం నవ్వు ఆగిపోయింది. పెద్దాయన పెదవులు మాత్రం నవ్వుతున్నాయి, కళ్ళు లేవు. అయినా చేట అందుకుని బియ్యం పెట్టాడు. పసుపు నీళ్ళూ పోశాడు. ఆయన్ని ఎన్ని తిట్టినా ఈ మాట ఒప్పుకోవాలి, అమ్మకు బాకీ పడలేదు.

ఢిల్లీ పెద్దసారు ఏమంటున్నాడని అడిగాడు. చిన్నసారు ఎర్రబడి ఇంగ్లీషులో ఏదో నీళ్ళు నమిలాడు. నాకు అందులో 'కల్చరల్' ఒక్కటే అందింది. పెద్దసారుకు నచ్చక నావైపు తిరిగి, నీకు హిందీ వస్తుందట కదా, నువ్వు చెప్పు అన్నాడు. చెప్పాను. ముక్క పొల్లు పోకుండా, చెరుకు సంగతి, కూలి సంగతి, బీగం సంగతి, అన్నీ చెప్పాను. చిన్నసారు నా చొక్కా వెనకనుంచి లాగుతూనే ఉన్నాడు, ఆ చొక్కా కుట్టు ఆ రోజే పోయింది.

పెద్దసారు విన్నాడు. శ్రద్ధగానే విన్నాడు. విని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి, ఎంత ధైర్యమైన కళ, ఇలాంటివి అంతరించిపోకుండా కాపాడాలి అన్నాడు. తన మెడలో దండ తీసి మసి పూసుకున్న మనిషి మెడలో వేశాడు. పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఆ తరువాత లేచి, గేటు తాళంచెవి పెద్దాయన చేతిలో పెట్టాడు.

అమ్మాయ్, ఈ చోట కాసేపు ఆగు. తిట్టినవాడికి దండ, తిట్లు తిన్నవాడికి తాళంచెవి. ఆ మనిషి ఊరు ఊరంతా వినేట్టు చెప్పాడు, మైకు కూడా అక్కర్లేకుండా చెప్పాడు. మా అందరికీ వినిపించింది కూడా. ఇంకెట్లా చెప్పాలి? జనం నోరు తెరవరు అని మనం ఎప్పుడూ వాపోతుంటాం. తెరిచిన నోటికి దండ వేసి పంపడం మాత్రం మనకు బాగా తెలుసు.

అంతటితో అయిపోయినా ఒక రకం. చిన్నసారుకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడోనాడు నన్ను తోడు తీసుకుని మేకలాయన ఇంటికి పోయాడు. ఆయన మసి కడుక్కుని మామూలు మనిషయ్యాడు. మమ్మల్ని చూడగానే తలగుడ్డ చంకన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఆ రోజు మీరు చెప్పింది నిజమని నాకనిపిస్తోంది. అదే మాట ఒక్కసారి కమిటీ ముందు చెప్పండి. పని ఆపిస్తాను" అన్నాడు చిన్నసారు.

"నేనేం జెప్పలేదు సామీ. అమ్మ జెప్పింది."

"అమ్మ చెప్పిందని నేను పైకి రాయలేను కదండీ."

"రాయొద్దు సామీ. అమ్మ తిడతాది, పోతాది. అంతే."

లోపల పొయ్యి దగ్గర ఉన్న ఆయన పెళ్ళాం గడపలోకి వచ్చింది. "సామీ, ఆ పొద్దు ఆయన మాట మీకు ఇనపడిందా లేదా?" అంది.

"వినపడిందమ్మా."

"ఇనపడింటే మళ్ళా ఎందుకు సెప్పమంటాండారు?"

చిన్నసారు వెనక్కి తిరిగి వ్యాను వైపు నడిచాడు. వ్యానెక్కాక, "పద్ధతంటూ ఒకటి ఉంటుందయ్యా" అన్నాడు. ఉంటుంది, కాదనను. ఆ ఊరికీ ఒక పద్ధతి ఉంది. చెప్పడానికి ఒక రోజు, చెప్పేవాడికి ఒక వేషం, విన్నవాడికి ఒక కట్టడి, అన్నీ ఉన్నాయి. ఎన్ని తరాలుగా నడుస్తోందో మరి. మన పద్ధతి వయసు అప్పటికి ఒక వేసవి.

ఆ తరువాత చిన్నసారు చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ నాకు కోపమే. మంచి మనసుతో, న్యాయం చేయాలని, కమిటీ కూర్చున్నప్పుడు ఆయనే ఆ మాట ఎత్తాడు. జాతరలో కొండ గురించి అభ్యంతరం వినిపించింది, దాన్ని ఇక్కడ చర్చించాలి అన్నాడు. మేకలాయన వెనక గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు.

పెద్దాయన తాంబూలం ఒక పక్కకు తోసుకుని నిదానంగా అన్నాడు, "జాతర మాట జాతరతో సరి సార్. మా తాత అడగలే, మా నాయన అడగలే, నేనూ ఎప్పుడూ అడగలే. మీరే అడగమంటాండారు గాబట్టి అడుగుతాండా." అని గోడవైపు తిరిగాడు. "ఏమిరా, నువ్వేనా అన్నింది?"

ఆ ప్రశ్న ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ వినలేదు.

"నేను గాదు దొరా" అన్నాడు మేకలాయన.

"ఇన్నారు గదా సార్. అభ్యంతరం ఏమీ లేదు."

ఒకటి గమనించండి. అంతకుముందు పెద్దాయన గొప్పవాడే, కఠినుడే, కానీ ఆయనకూ ఒక హద్దు ఉండేది. ఏడాదికొక రోజు ఆ మేకలాయన ముందు చేట పట్టుకుని నిలబడాల్సిందే. మరునాడు పగ తీర్చుకోవడానికి లేదు. ఆ హద్దును చెరిపింది పెద్దాయన కాదు. మేము. సమానత్వం తెస్తామని పోయి, ఉన్న ఆ కాస్తనూ ఊడబెరికి, పైగా ఆయన చేతికి తాళంచెవి, కాపలావాడు, కమిటీ ముద్ర, మూడూ ఇచ్చి వచ్చాం. పాలెగాళ్ళ కాలంలోనైనా ఇంత సులువుగా ఎవరైనా ఇచ్చి ఉంటారా?

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. కంచె పూర్తయ్యాక దాటి వచ్చాయని మొదట పట్టుబడినవి మేకలాయన మేకలే. ఊళ్ళో మిగతా మేకలకు ఆ గడ్డి రుచించలేదు కాబోలు. బందెలదొడ్డికి తోలారు, విడిపించుకుంటే మళ్ళీ తోలారు. చివరికి ఆయన మందను సంతలో అమ్మేసి గూడూరు పోయాడు, నిమ్మకాయల మండీలో మూటలు మోయడానికి. పెళ్ళాం ఊళ్ళోనే ఉండిపోయింది. మాఘమాసం వచ్చింది. కొండకు బీగం. ఆడవాళ్ళు చెరుకుతోటకు పోయారు. కూలి ఎంతో పెద్దాయనే చెప్పాడు. బెల్లం ఆ ఏడు బాగా దిగిందని, చిన్నసారుకు ఒక అచ్చు బెల్లం ఇంటికి పంపారు. ఆయన తిప్పి పంపాడు. చెప్పాను కదా, మంచివాడు.

మరి కొండ ఏమైంది? కొడవలి తగలని గడ్డి తలెత్తి, ఎండి, ఒకదాని మీద ఒకటి పడి బొంతలా పరుచుకుంది. ఎండాకాలంలో ఎవడి బీడీయో, ఏ నిప్పురవ్వో, ఏటవాలంతా భగ్గుమంది. ఊళ్ళో బిందెలూ, మంటను కొట్టి ఆర్పే పచ్చి మండలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. ఎవరూ కదలలేదు. ఈ కొండ ఇక మీది కాదు అని తాళం వేసి చెప్పాక ఎవరు కదులుతారు? గేటు దగ్గర కాపలావాడు మాత్రం బీగం తీయడానికి తాళంచెవి కోసం పెద్దాయన ఇంటికి పరుగెత్తాడు. కౌజుపిట్టలు ఎటు పోయాయో. మేము నాటిన మొక్కలు పుల్లలై మిగిలాయి.

ఆ ఏడు జాతరలో వేషం కట్టింది వేరే ఊరి మనిషి. పెద్దాయన పిలిపించాడు. మసి పూసుకున్నాడు, సున్నం చుక్కలు పెట్టుకున్నాడు, సినిమా టిక్కెట్లు బ్లాకులో అమ్మేవాళ్ళను తిట్టాడు. ఆ ఊరికి సినిమా హాలే లేదు.

ఇంత జరిగాక మా ఆఫీసులో తలలు పట్టుకుని ఆలోచించారు. ఆలోచించి, లోపం ఎక్కడుందో కనిపెట్టారు. కమిటీలో ఆడవాళ్ళు లేరు. భాగస్వామ్యం చాలలేదు, ఇంకొంచెం వేయాలి. పులుసులో ఉప్పులాగా. కాబట్టి మళ్ళీ వ్యాను, మళ్ళీ మైకు, మళ్ళీ నేను. చిన్నసారు ముందు సీట్లో. ఆయన అప్పటికి పిట్టల మాట ఎత్తడం మానేశాడు.

ఆడవాళ్ళంతా చెరుకుతోటలో కలుపు తీస్తున్నారని వ్యానును తోట గట్టున ఆపాను. కిందికి దిగి, మైకు చేతిలో పట్టుకుని మొదలుపెట్టాను. అక్కల్లారా, అమ్మల్లారా, ఇప్పుడు మీకూ కమిటీలో చోటుంది, సాయంత్రం బడి వసారాకు రండి, మీ మాట చెప్పండి. తోటలోంచి ఒక మనిషి కొడవలి చంకన పెట్టుకుని గట్టెక్కి నా ముందుకు వచ్చింది. గూడూరు పోయినాయన పెళ్ళాం. పొట్టి మనిషి. నా రొమ్ము దాకా వస్తుందేమో.

"ఏమప్పా, నువ్వు పిల్సినప్పుడల్లా మాకు ఏదో ఒకటి పోతాంది" అంది. "మొదుట పిలిస్తివి, కొండ పాయ. మళ్ళా పిలిస్తివి, మేకలు పాయ, ఇంటి మొగోడు ఊరిడిసి పాయ. జాతర గూడా పాయ. ఈ తూరి ఏం తీసకపొయ్యేకి వచ్చినారో అది ముందే సెప్పండి. ఇంట్లో దాసిపెట్టి వస్తాము."

ఆ మాటలు రెండు బాకాల్లోంచి తోట మీదుగా, ఊరి మీదుగా, పెద్దాయన ఇంటి పంచలోకి, కాలిన కొండదాకా పోయి తగిలి వెనక్కి వచ్చాయి. ఆమె అది విని కాస్త తడబడింది, కానీ ఆగలేదు. మసి లేదు, వేపమండ లేదు. "ఇది అమ్మ సెప్పలేదు, నేనే సెప్తాండా. అడిగేవోళ్ళు వచ్చి నన్నే అడగండి" అంది. తోటలో ఒకామె నవ్వింది, ఆ తరువాత అందరూ. ముందు సీట్లో చిన్నసారు తల వంచుకుని చేతి గడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు. అది అప్పటికే ఇచ్చి ఉంది.

సాయంత్రం వసారాకు ఒక్క ఆడమనిషీ రాలేదు. చాపలు, కుర్చీ, కుర్చీలో పెద్దాయన, అంతే.

ఈ సంగతి మీద విచారణ జరపాలని పైవాళ్ళు అనుకున్నారు. అయితే మా ఆఫీసులో ఏ కాగితమూ పరుగెత్తదు, నన్ను చిత్తూరుకు పిలిచేలోపు మాఘం వచ్చేసింది. కాలిన నేలలో పొరక గడ్డి మహా ఏపుగా లేస్తుంది. ఆడవాళ్ళు కంచె కంప పక్కకు జరిపి, అందరూ కలిసి, పొద్దున పూటే కొండెక్కారు. ఒక్కరైతే కాపలావాడు పట్టుకునేవాడు. అంతమందిని చూసి, తాళంచెవి పెద్దాయన దగ్గరుందని చెప్పి బీడీ ముట్టించుకున్నాడట. చెరుకు మళ్ళీ నిలువునా ఎండింది. కొండ వాళ్ళ చేతికి పూర్తిగా వచ్చిందని నేను చెప్పను. ఆ తరువాత ఏళ్ళ తరబడి తగవు నడిచింది, కంచె మళ్ళీ వేశారు, మళ్ళీ జరిపారు. మేకలాయన గూడూరు నుంచి తిరిగి రాలేదు.

చిత్తూరులో నన్ను నిలబెట్టి అడిగారు. సర్కారు మైకును బయటి మనిషికి ఎందుకిచ్చావు అని. ఇవ్వలేదు సార్ అన్నాను, నా చేతిలోనే ఉంది. అయితే ఎందుకు కట్టేయలేదు అన్నారు. జనం మాట చెప్పండి అని నేనే పిలిచాను కదా సార్, చెప్తుంటే కట్టేస్తే బాగుండదని అన్నాను. వ్యాను నా దగ్గర్నుంచి తీసేసుకుని, రిటైరయ్యేదాకా ఆఫీసు జీపు తోలమన్నారు. దానికి మైకు లేదు. నా మీద రాసిన నేరం ఏమిటంటే, ఆ ఆడమనిషి నోటి దగ్గర మైకు పెట్టి మాట్లాడించానని. అబద్ధం. నేను పెట్టలేదు, మాట్లాడించనూ లేదు. పట్టుకుని నిలబడ్డాను, అంతే. ఆమె పొట్టిగా ఉంది కదా, కొంచెం కిందికి దించాను.